నాకు వినబడని ఫ్యాను

చంద్రపూర్‌లో మెషిన్లు బాగుచేసేవాళ్ళందరినీ మిస్త్రీ అంటారు. నన్నూ అంతే. కాకపోతే నేను చూసేది మెషిన్ మొత్తం కాదు, దాన్ని చల్లగా ఉంచే ఫ్యాన్లు. వెల్డింగ్ సెట్టు వెనక ఒకటి, కంప్రెసర్ మోటారు తోక దగ్గర ఒకటి, సీఎన్‌సీ లేత్ కరెంటు పెట్టెలో వరసగా మూడో నాలుగో. ఇదీ ఒక పనేనా అని మా చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ అనుమానమే. వాళ్ళింట్లో సీలింగు ఫ్యాను కిర్రుమంటే నన్ను పిలుస్తారు. నేను వెళ్ళి, ఒక స్క్రూ బిగించి, టీ తాగి వస్తాను.

మే నెలలో ఈ ఊళ్ళో రేకుల షెడ్డు కింద పది నిమిషాలు నిలబడినవాడికి నా పనేమిటో చెప్పక్కర్లేదు. మనిషికే అక్కడ ఊపిరాడదు, ఇక తలుపులు మూసిన ఇనప పెట్టె లోపల ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా చుట్టుపక్కల గనుల బొగ్గు దుమ్ము. ఎక్కడ తుడిచినా గుడ్డ నల్లగా వస్తుంది. ఫ్యాను ఆ గాలినే లోపలికి లాక్కుంటుంది, ఆ దుమ్మునే తన ఒంటికి పూసుకుంటుంది, ఏడాది తిరిగేసరికి మొరపెట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఆ మొర ఒక రకంగా ఉండదు. టకటకమంటే రెక్క దేనికో తగులుతోందన్నమాట. చాలాసార్లు ఎవరో తొందరలో లోపలికి తోసేసిన వైరే దొరుకుతుంది. బరువుగా మూలుగుతుంటే రెక్కలకు ఒకవైపు దుమ్ము ఎక్కువ పట్టింది, తుడిస్తే పోతుంది. రేకు జిర్రుమంటుంటే ఫ్యాను తప్పేం లేదు, ఎక్కడో స్క్రూ వదులైంది. అరచెయ్యి రేకు మీద ఆనిస్తే ఆగిపోతుంది, తీస్తే మళ్ళీ మొదలవుతుంది. బేరింగు ఎండిపోతే మాత్రం సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు కీచుమంటుంది. మొదట్లో పొద్దున స్విచ్చి వేసినప్పుడే వినిపించి, వేడెక్కాక తగ్గుతుంది. ఆ దశలోనే మార్చెయ్యాలి. మనవాళ్ళు మార్చరు, నూనె పోస్తారు. కుట్టుమిషను నూనె పోసేవాళ్ళు కొంత నయం. కొబ్బరినూనె పోసినవాళ్ళను చూశాను, ఒక చోట పకోడీలు వేయించే నూనె పోసినవాణ్ణీ చూశాను. రెండు రోజులు హాయిగా ఉంటుంది. చప్పుడు పోయిందని నాకు ఫోన్ చేసి మరీ చెబుతారు. ఆ తర్వాత నూనెలో బొగ్గు దుమ్ము కలిసి ముద్దకట్టి, ఫ్యాను తిరగడమే మానేస్తుంది.

నా దగ్గర గొప్ప సాధనాలేం లేవు. పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉంది. దాని మొన ఫ్యాను చట్రం మీద పెట్టి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనిస్తాను. కళ్ళు మూసుకుంటాను. నిజానికి కళ్ళు మూసుకోవాల్సిన పనేం లేదు, కాని చూసేవాళ్ళకు నమ్మకం కుదురుతుంది. లోపలి బేరింగు ఏ స్థితిలో ఉందో, ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్ళలో అది చాలాసార్లు నిజమైంది. తప్పిన సందర్భాలను నేను ఎక్కువగా గుర్తుపెట్టుకోలేదు. మొత్తానికి ఊళ్ళో నా చెవికి పేరొచ్చింది. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

పడోలీ దాటాక ఒక వర్క్‌షాపు ఉంది. గని యంత్రాలకు కావలసిన పిన్నులూ కడ్డీలూ చేస్తారు. యజమాని తెలుగాయనే. వాళ్ళ తాతలు రాజురాలో కిరాణా కొట్టు నడిపారు, ఈయన ఇనుములోకి దిగాడు. అందరూ సేట్ అంటారు. మామూలుగా మాతో తెలుగులోనే మాట్లాడతాడు, కోపమొస్తే మరాఠీలోకి దిగుతాడు. కంప్యూటరు చెప్పినట్టు ఇనుము చెక్కే సీఎన్‌సీ లేత్ ఆ షెడ్డులో ఒక్కటే ఉంది, దాన్ని నడిపేది ఒక్క మనిషే.

ఆ ఆపరేటరు కోర్పనా వైపు రైతుల ఇంటివాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పత్తి వరసగా దెబ్బతీశాక, పెళ్ళయి పిల్లలు పుట్టాక, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకున్నాడు. ఊళ్ళో ఎవరైనా అడిగితే వాళ్ళ నాన్న “మా పోరడు కంప్యూటర్ మెషిన్ నడుపుతుండు” అని చెబుతాడట. ఆ మాట నాకు చెబుతూ అతను కొంచెం సిగ్గుపడ్డాడు కాని చెప్పకుండా మాత్రం ఉండలేదు. పొద్దున రాగానే మెషిన్‌ని తన సొంత తుండుగుడ్డతో తుడిచేవాడు. షాపు గుడ్డ మురికిగా ఉంటుందట.

మార్చిలో సేట్ ఫోన్ చేశాడు. “మిస్త్రీ, మనోడు రోజు సప్పుడు సప్పుడు అని నా పానం తీస్తుండు. ఒక్కసారి వచ్చి సూసిపో.”

వెళ్ళాను. మెషిన్ వెనక కరెంటు పెట్టె తలుపు తీయించాను. లోపల నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. జిర్రుమని రేకు అదురుతున్న చప్పుడు రాగానే వినబడింది. అరచెయ్యి ఆనించాను, ఆగింది. ఒక ఫ్యాను మీది జాలీకి రెండు స్క్రూలు వదులయ్యాయి. బిగించి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాను.

ఆపరేటరు కదల్లేదు. “అన్నా, గది గాదు. సన్నగ ఒకటి వస్తుంది. ఇంక వస్తనే ఉంది.”

స్క్రూడ్రైవరు తీశాను. నాలుగు ఫ్యాన్లనూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. గాలి కోస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. అదే మాట చెప్పాను. అతను మెషిన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, “ఇప్పుడు గూడ వస్తుంది అన్నా” అన్నాడు.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. సన్నటి కర్రపుల్ల తీసుకుని ఒక్కో ఫ్యానునీ నడిమధ్యన ఒత్తిపట్టి ఒక్క క్షణం ఆపాలి. ఏది ఆపినప్పుడు చప్పుడు ఆగుతుందో తప్పు దానిది. ఈ కిటుకు నేను ఈ ఊళ్ళో ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఆ రోజు నేను మాత్రం చెయ్యలేదు. నాకు అసలు వినబడని చప్పుడు ఆగిందో లేదో నాకెలా తెలుస్తుంది? పుల్ల అతని చేతికిచ్చి, ఆగినప్పుడు నువ్వే చెప్పు అనవచ్చు. అది నాకు తోచలేదు. నాకు వినబడని చప్పుడు ఇంకొకడికి వినబడుతుందనే ఆలోచనే అప్పటికి నా బుర్రలో లేదు.

“మెషిన్ల ఏం లేదు తమ్మీ. ఒకసారి నీ చెవి సూపెట్టుకో” అన్నాను.

వేళాకోళంగానే అన్నాను. పక్కన గ్యాస్ కటింగు చేసే పెద్దాయనా, సేటూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ మాటను నేను గేటు దాటకముందే మరిచిపోయాను. వాళ్ళు మరిచిపోలేదు. సేట్ అతన్ని నిజంగానే చెవి డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు చూసి, పైకి ఏం కనిపించడం లేదని చెప్పి చుక్కలమందు రాసిచ్చాడట. ఇంట్లో భార్య వెల్లుల్లి కాచిన నూనె పోసింది. సేట్ మాత్రం ఒక గడువు పెట్టాడు. ఏప్రిల్‌లో వేరే పని మీద మాట్లాడుతూ నాకే చెప్పాడు: “చెవ్వుల సప్పుడొచ్చేటోణ్ణి అంత పెద్ద మెషిన్ మీద ఎట్ల నిలబెట్టాలె మిస్త్రీ? ఎండాకాలం పోయేదాంక సూస్త. తగ్గకపోతే డ్రిల్లు కాడికి మార్చుత.” డ్రిల్లంటే ఇనప పలకకు బెజ్జాలు వెయ్యడం. అతను వచ్చిన కొత్తలో చేసిన పని. నేను “చూద్దాం సేట్” అన్నాను. అంతకుమించి నాకు పట్టింపు లేదు అప్పటికి.

అదే నెలలో కొత్త మల్టీమీటరు కొన్నాను. వైరు ఎక్కడైనా తెగిందా లేదా చూడటానికి దానికి రెండు ముళ్ళుంటాయి. ఆ రెండూ కలిస్తే బీప్ మని కూస్తుంది. నాది కూయడం లేదు. చాలా దగ్గరగా పెట్టుకుంటే ఏదో ఊదుతున్నట్టు ఉంది. రెండుసార్లు బ్యాటరీ మార్చాను. ఇక లాభం లేదని కొన్న దుకాణానికే తీసుకెళ్ళి, ఈ నాసిరకం సరుకు నాకెందుకు అంటగట్టావని దుకాణదారు మీద ఎగిరాను. అతను ముళ్ళు రెండూ కలిపాడు.

“మంచిగనే మొత్తుకుంటుంది కదా మిస్త్రీ” అన్నాడు.

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాని బల్బు కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ చప్పుడుకి ఇటు తిరిగి చూశారు. అతను ముళ్ళు విడదీసి మళ్ళీ కలిపాడు. వాళ్ళలో ఒకామె మొహం చిట్లించింది. నాకు ఏమీ వినబడలేదు. ఏదో గొణిగి, మీటరు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఒక్కణ్ణే కూర్చుని ముళ్ళు చాలాసేపు కలుపుతూ విడదీస్తూ ఉన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, “ఏందది, చిన్నపిల్లగాని లెక్క? ఆపుండ్రి” అంది. మధ్యలో రెండు గదుల గోడలున్నాయి. కుక్కర్ విజిలు నాకు వినబడుతుంది, ఫోను వినబడుతుంది, మనుషుల మాటలు వినబడతాయి. పోయింది సన్నటి చప్పుళ్ళొక్కటే. ముప్పై ఏళ్ళు గ్రైండర్ల పక్కన, సుత్తుల పక్కన నిలబడిన చెవి సన్న చప్పుళ్ళ వైపు నుంచి కొంచెం కొంచెంగా అరిగిపోయింది, నాకు చెప్పకుండా. నాకు భయం వేసింది. నన్ను పిలిచేది చెవి కోసం. అది పోయిందని తెలిస్తే స్క్రూలు బిగించడానికి నేనే కావాలా?

రెండో ఆలోచన ఆపరేటరు గురించి వచ్చింది. అది రెండోదిగా వచ్చిందని ఒప్పుకోవాలి. అతను పొలాల నుంచి ఆలస్యంగా ఈ పనిలోకి వచ్చినవాడు, చెవులింకా అరగలేదు. షెడ్డులో మిగిలిన అందరివీ నా చెవుల్లాంటివే. అతనికి వినబడింది నిజంగానే బేరింగు అయ్యుండాలి.

మర్నాడే వెళ్ళి చూద్దామనుకున్నాను. మర్నాడు ఇంకో చోట పని పడింది. ఆ తర్వాత ఎండలెక్కాయి, ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇవన్నీ నిజాలే, వాటి వెనక నేను దాక్కున్నదీ నిజమే. వెళ్తే ఏం చెప్పి వెళ్ళాలి? అట్లా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు మాజ్రిలో ఒక వెల్డింగు సెట్టు విప్పి కూర్చున్నాను. పదకొండింటికి, టీ వేళ, ఆపరేటరు ఫోన్ చేశాడు. గొంతు తేలిగ్గా ఉంది.

“అన్నా, నువ్వన్నదే నిజం. చెవిదే. పొద్దుగాల నుంచి సప్పుడు లేదు. మొత్తం బందయింది. సేట్‌కు గూడ చెప్పిన.”

“మంచిది తమ్మీ” అన్నాను.

ఇన్నేళ్ళలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి కొన్ని ఉన్నాయి. వాటిలో ముందుండేది ఇదే. ఫోన్ పెట్టేసి సీసా ఎత్తి నీళ్ళు తాగాను. బేరింగు రెండు నెలలు అరిచి ఒక పొద్దున ఆగిపోతే దాని అర్థమేమిటో ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. మెషిన్ ఆపెయ్యి అనడానికి ఒక్క మాట సరిపోయేది. ఆ ఒక్క మాట వెనక మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని నాకు నోరు రాలేదు. నీళ్ళు తాగేంతసేపు పట్టింది. తర్వాత ఫోన్ చేశాను. ఎత్తలేదు. సేట్ మెషిన్ల దగ్గర ఫోన్లు ఉంచనివ్వడు, అరలో పెట్టిస్తాడు. సేట్‌కి చేశాను, ఆయనా ఎత్తలేదు. విప్పిన వెల్డింగు సెట్టును అట్లాగే వదిలేసి స్కూటరు తీశాను. భద్రావతి మీదుగా ఆ ఎండలో ఎట్లా వచ్చానో గుర్తులేదు.

షెడ్డు గేటు దగ్గరే కాలిన వాసన తగిలింది.

జరిగింది చిన్నదే. ఫ్యాను ఆగింది. అది చల్లబరచాల్సిన పెట్టె వేడెక్కింది. పాత మోడలు కాబట్టి ఫ్యాను ఆగితే ఆగిందని చెప్పే ఏర్పాటు దానికి లేదు, వేడెక్కితే మాత్రం అలారం ఇచ్చి మెషిన్‌ని ఆపేస్తుంది. మే నెలలో చంద్రపూర్‌లో ఆ అలారం ఎవరూ లెక్కచెయ్యరు. కాసేపు తలుపు తెరిచి ఉంచుతారు, రీసెట్ నొక్కుతారు, మళ్ళీ నడుపుతారు. ఏటా అంతే. అతనూ అంతే చేశాడు. మూడుసార్లు నొక్కాడు. నాలుగోసారి లోపల టప్పుమంది.

సేట్ మరాఠీలో ఉన్నాడు. ఆపరేటరు తెరిచిన పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు, తుండుగుడ్డ చేతిలోనే ఉంది. మూడుసార్లు అలారం వస్తే ఎందుకు చెప్పలేదని సేట్ అడుగుతున్నాడు. రేపటి నుంచి డ్రిల్లు దగ్గర నిలబడమంటున్నాడు.

“సప్పుడు ఆగింది గద సేట్” అన్నాడతను, నేల చూస్తూ. “నాకు మంచిగైందనుకున్న. ఆ సంబురంల సూసుకోలే.”

నేను ఫ్యాను మీద వేలు పెట్టి తిప్పాను. తిరగలేదు. గట్టిగా తోశాను, అయినా కదల్లేదు.

“అతని చెవిల ఏం లేదు సేట్” అన్నాను. “రెండు నెలల నుంచి ఒర్రుతుంది ఇదే. అతను చెప్పిండు. నాకే ఇనబడలే. నా చెవులు పోయినయ్.”

సేట్ నన్ను ఎగాదిగా చూశాడు. “వాణ్ణి కాపాడనీకి నువ్వు చెవిటోనివైతవా మిస్త్రీ?”

సంచిలోంచి మీటరు తీశాను. ఆపరేటరుని గోడ వైపు తిరిగి నిలబడి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. సేట్‌నీ, గ్యాస్ కటింగు పెద్దాయన్నీ నా పక్కనే నిలబెట్టుకున్నాను. ముళ్ళు కలిపాను. అతని చెయ్యి లేచింది. విడదీశాను, దిగింది. కలిపాను, లేచింది. సేట్ మీటరు మీదికి వంగాడు, తర్వాత మీటరు లాక్కుని తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెనక్కి తిరక్కుండానే ఆపరేటరు చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. సేట్ చేతిలో ముళ్ళు కలిసిన ప్రతిసారీ. పెద్దాయన మా ముగ్గురినీ చూసి, తన చెవి ఒకసారి వేలితో దులుపుకున్నాడు.

సేట్ ముళ్ళు మీటరుకు చుట్టి ఆపరేటరు వైపు తిరిగాడు. ఆఖరికి తెలుగులో, “సరే, మెషిన్ మంచిగైనంక నువ్వే నడుపు” అని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

పెట్టెలో కాలిన భాగం నాగపూర్‌కి వెళ్ళి బాగై రావడానికి రోజులు పట్టింది. నాలుగు ఫ్యాన్లూ నేనే మార్చాను. ఆ రోజుల్లో అతను ఖాళీ మెషిన్ పక్కన నిలబడి దాన్ని తుడుస్తూ ఉండేవాడు. నేను క్షమాపణ చెప్పాను. “అయ్యో, ఏమైంది అన్నా, అందరికి అయితది” అన్నాడు. అంత తేలిగ్గా వదిలేస్తాడని అనుకోలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ఇప్పుడు ఏ షాపుకు వెళ్ళినా ముందే చెప్పేస్తున్నాను, నాకు సన్నటి చప్పుడు వినబడదని. ఇక్కడ అందరికంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చిందెవరని అడిగి, పుల్ల వాళ్ళ చేతికిస్తాను. కొన్ని చోట్ల నుంచి పిలుపులు తగ్గాయి. ఎక్కువ చోట్ల ఎవరూ పట్టించుకోలేదు, అది కూడా నాకు కొంచెం కష్టంగానే ఉంది.

ఆగస్టులో వానల మధ్య ఒకసారి ఆ షెడ్డుకు వెళ్ళాను. మెషిన్ మోటారు వెనక పెద్ద ఫ్యాను ఒకటుంది, ఎండాకాలంలో చేత్తో తిప్పి చూసి బాగానే ఉందని వదిలేశాను. నా స్క్రూడ్రైవరు ఆపరేటరు చేతికిచ్చాను. అతను మొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చెవి మార్చి విన్నాడు. ఫ్యాను ఆపించి, మళ్ళీ తిప్పించి విన్నాడు. నాలుగుసార్లు.

“ఉందా తమ్మీ?”

“ఉన్నట్టే ఉంది అన్నా.” స్క్రూడ్రైవరు మొన తీయకుండానే, “నీకేమన్న ఇనబడుతుందా?”

“నాకు ఇనబడదు.”

అతను ఇంకోసారి విన్నాడు. స్క్రూడ్రైవరు నాకు తిరిగిచ్చేశాడు. “ఏమో అన్నా. నా చెవ్వులనే కావచ్చు.”

కరెంటు ఆపి, ఫ్యాను దించి, బేరింగును పట్టి ఉంచే చిన్న లాకు తీసి దాన్ని ఊడదీశాను. దాన్ని అతని వేళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పమన్నాను. తిప్పాడు. లోపల ఎండిన గుండ్లు గరగరమనడం అతని వేళ్ళకు తెలిసింది. ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు.

“ఉన్నది అన్నా” అన్నాడు అప్పుడు.

మార్చిలో చప్పుడుందని నాకు చెప్పినప్పుడు, అతని చేతిలో ఏ బేరింగూ పెట్టాల్సిన పని లేకపోయింది.